పీలికలతో బొంత కుట్టడం: కొలత నుంచి అంచు పట్టీ దాకా

దర్జీ దగ్గర మిగిలిన జాకెట్ ముక్కలు, చిరిగిన చొక్కాలు, పాత చీరలు సంచుల్లో పోగుపడి ఉన్నాయి, వాటితో బొంత కుట్టడం ఎలాగో వివరంగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. కొందరు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు కూడా. వాళ్లలో ఎక్కువమంది చెప్పే కష్టం ఒకటే. ముక్కలన్నీ కలిపి కుట్టాక గుడ్డ సాగిపోతుంది. నేలమీద పరిస్తే ఒకచోట ఉబ్బు, ఒకచోట లాగుడు. అంచులు సరిగ్గా ఆనవు.

రంగులు కుదరక వచ్చే సమస్య కాదిది. పీలికను తీసుకెళ్లి నేరుగా ఇంకో పీలికకు కుట్టడం వల్ల వస్తుంది. ఇక్కడ చెప్పేది స్ట్రింగ్ క్విల్ట్ పద్ధతి. ఇందులో కింద ఒక పలుచని చదరపు గుడ్డ ముక్క వేసి, పీలికలన్నీ దానిమీదే వరసగా కుడతాం. అలాంటి చదరాలు కలిపితేనే బొంత. ఆ కింది ముక్కను అస్తరు అందాం. పీలికలు కుట్టడం అయ్యాకే చదరాన్ని కచ్చితమైన కొలతకు కోస్తాం. అస్తరు వేయడం, కుట్టాక కోయడం, ఈ రెండూ పాటిస్తే పీలికలు ఎంత వంకరగా ఉన్నా బొంత చక్కగా వస్తుంది.

## 1. ముందు కొలత తేల్చుకోండి

మొదటి బొంతకు 42 x 56 అంగుళాల కొలత చెబుతాను. చిన్నపిల్లలకు కప్పడానికి, పెద్దవాళ్లు ఒళ్లో వేసుకోవడానికి సరిపోతుంది. ఈ కొలత ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: మామూలు చీర పన్నా 45 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి లోపలి పొరలకు, వెనక గుడ్డకు ఎక్కడా అతుకు వేయక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది:

- అస్తరు ముక్క: 8 x 8 అంగుళాలు
- పీలికలు కుట్టాక కోసే కొలత: 7½ x 7½ అంగుళాలు
- బొంతలో కనబడే చదరం: 7 x 7 అంగుళాలు
- అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 చదరాలు

ఉయ్యాలలో పాపాయికైతే 4 x 6 వరసలు, అంటే 24 చదరాలు చాలు, 28 x 42 అంగుళాలు వస్తుంది. సింగిల్ మంచానికి 8 x 12 వరసలు, 96 చదరాలు, 56 x 84 అంగుళాలు. ఏ కొలత తీసుకున్నా రెండు వైపులా సరి సంఖ్యలోనే చదరాలు ఉంచండి. బేసి సంఖ్య అయితే డిజైన్ ఒకవైపు సగంలో తెగిపోతుంది.

## 2. సామాను

- పత్తి పీలికలు అర కేజీ నుంచి ముప్పావు కేజీ
- నడిమి పట్టీకి (ప్రతి చదరంలో మూల నుంచి మూలకు నడుమ వేసే పీలిక) ఒకే రంగు గుడ్డ: 36 అంగుళాల పన్నా ఉన్నది ముప్పావు మీటరు
- పాత కాటన్ చీరలు రెండు
- దారం (చిన్న రీళ్లతో అవదు, లేత బూడిద రంగో గోధుమ రంగో ఒక కోన్ కొనండి, అన్ని రంగుల మీదా కలిసిపోతుంది)
- మిషన్ సూదులు: 14 నంబరు, 16 నంబరు
- పెద్ద స్కేలు, టేపు, పెన్సిలు, పదునైన కత్తెర
- 7½ అంగుళాల చదరపు గట్టి అట్ట, మూల నుంచి మూలకు గీత గీసినది
- గుండుసూదులు, పెద్ద పిన్నీసులు, ఇస్త్రీపెట్టె

రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు ఉన్న కత్తి), దాని కింద వేసే మ్యాట్ ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే కత్తెరతోనే శుభ్రంగా కుట్టొచ్చు.

రెండు చీరల్ని ఇలా పంచుకోండి. చీర పొడవు సాధారణంగా 5.5 మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. మొదటి చీరను 60 అంగుళాల చొప్పున మూడు ముక్కలు చేస్తే రెండు లోపలి పొరలు, ఒక వెనక గుడ్డ వస్తాయి. రెండో చీరలో ముందుగా నిలువునా 2½ అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి ఆ చివర నుంచి ఈ చివర దాకా కోసి దాచండి. బొంత చుట్టుకొలత 196 అంగుళాలు కాబట్టి ఆ ఒక్క పట్టీతోనే అంచంతా తిరుగుతుంది. మిగిలిన గుడ్డలో వరసకు ఐదు చొప్పున అస్తరు ముక్కలు కోయండి. పది వరసలకు 80 అంగుళాల చీర చాలు.

కోసే ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. జల్లెడలా కనబడే చోట నేత అరిగిపోయింది. ఆ భాగం పారేయండి. రెండు బొటనవేళ్లతో లాగితే చిరిగే గుడ్డను బొంత లోపల పెడితే ఒక్క ఉతుకుకే చిరిగి ముద్దయిపోతుంది. వెనక గుడ్డకు చీర బాగా లేకపోతే పాత కాటన్ దుప్పటి వాడండి. చీర పన్నా కూడా కోయకముందే కొలుచుకోండి, ఉతికి ఉతికి కుంచించుకున్న చీరలు ఉంటాయి.

## 3. పీలికలు ఏరడం, ఉతకడం

ఒకే బరువు గుడ్డలు కలపండి. పాప్లిన్, జాకెట్ గుడ్డలు, లైనింగ్ ముక్కలు, కాటన్ చొక్కాలు, మంగళగిరి, కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ ముక్కలు అన్నీ బాగా కలుస్తాయి. ఇక్కత్‌లో డిజైన్ నూలుకే అద్ది నేస్తారు కాబట్టి సీదా (పై వైపు), ఉల్టా (వెనక వైపు) రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కొత్తగా కుట్టేవాళ్లకు ఇవి చాలా సుఖం.

ఇవి వేరే సంచిలో పెట్టండి:

- జార్జెట్, క్రేప్, సిల్క్: జారుతాయి, పత్తితో కలిపి ఉతికితే ముడుచుకునే తీరు వేరు
- జీన్స్, కర్టెన్ గుడ్డ: పక్కనున్న పలుచటి పీలికను కోసేస్తాయి
- లెగ్గింగ్, టీషర్టు: సాగుతాయి
- పూసలు, చమ్కీలు ఉన్నవి: సూది విరుగుతుంది
- జరీ అంచులు: ఇప్పటి జరీ చాలావరకు ప్లాస్టిక్ ఆధారంగా చేసిందే, వేడి ఇస్త్రీ తగిలితే ముడుచుకుపోతుంది, పైగా పిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది

రంగు పోతుందా లేదా అన్నది ముందే చూడాలి. ఈ పని మాత్రం దాటవేయకండి. ముదురు ఎరుపు, మెరూన్, నీలం, నలుపు ఏ గుడ్డవైనా అనుమానించండి. ఆ పీలికను తడిపి, తెల్ల గుడ్డ మీద పరిచి, పైన వేడి ఇస్త్రీపెట్టె ఒక నిమిషం ఆనించండి. తెల్ల గుడ్డకు మరక అంటితే ఆ పీలిక ఇంకా కుట్టుకు సిద్ధంగా లేదు. రంగు నీళ్లు ఆగేదాకా విడిగా ఉతకండి. మూడు నాలుగు ఉతుకులకూ రంగు ఆగకపోతే దాన్ని వదులుకోవడమే మంచిది.

ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మనలో చాలామందికి నమ్మకం. అద్దకం అయిపోయిన గుడ్డ మీద ఉప్పు అలా పనిచేయదు. లోపలున్న అదనపు రంగు కడిగి బయటకు పంపడమే దారి.

చిన్న చిన్న పీలికల్ని మిషన్‌లో విడిగా వేస్తే దారాలు ఊడి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతకండి. చేత్తో అయితే బకెట్లో నానబెట్టి పిండితే చాలు.

## 4. పీలికలు కోయడం

వెడల్పు 1¼ నుంచి 2½ అంగుళాల మధ్య ఉండాలి. అంతకంటే సన్నవి వాడకండి. ఒక అంగుళం పీలికలో రెండు పక్కలా కుట్టుకు పావు అంగుళం చొప్పున పోతే సగం గుడ్డ లోపలికే వెళ్లిపోతుంది, చదరం కూడా బరువెక్కుతుంది.

పొడవు ఎలా ఉన్నా పనికొస్తుంది. మధ్యలో వేసేవాటికి 11½ అంగుళాలు కావాలి, మూలలకు పోయేకొద్దీ పొట్టివి చాలు. జాకెట్ చేతుల దగ్గర, మెడ దగ్గర మిగిలిన ముక్కోణపు ముక్కలు పారేయకండి. చదరం మూలల్లో పెట్టడానికి వాటిని మించినవి లేవు.

కోసినవాటిని పొడవును బట్టి మూడు డబ్బాల్లో వేసుకోండి: పొడుగువి, మధ్యరకం, మూల ముక్కలు. రంగుల ప్రకారం సర్దకండి. కుట్టేటప్పుడు చేతికి వచ్చింది వచ్చినట్టు తీసుకోండి, పక్కపక్కన ఒకే గుడ్డ రాకుండా చూసుకుంటే చాలు. ఒకటే నియమం: ప్రతి చదరంలో ఒక లేత రంగు, ఒక ముదురు రంగు తప్పనిసరిగా ఉండాలి. అన్నీ మధ్యరకం రంగులైతే దూరం నుంచి మట్టి రంగులా కలిసిపోతాయి.

నడిమి పట్టీలు మాత్రం కొలత ప్రకారం కోయండి: 1¾ అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు, 48 ముక్కలు. 36 అంగుళాల పన్నాలో వరసకు మూడు వస్తాయి. దీనికి తెలుపు, ఆవపువ్వు పసుపు, నలుపు లాంటి సాదా రంగు బాగుంటుంది. ఎంత గందరగోళం రంగుల పీలికలనైనా ఈ ఒక్క గీత ఒద్దికగా కూర్చోబెడుతుంది.

## 5. అస్తరు: గుడ్డా, కాగితమా?

మిషన్ మీద కుట్టి, మిషన్ మీదే బొంత పొరలు కలపాలనుకుంటే చీర గుడ్డ అస్తరు వాడండి. అది బొంతలోనే ఉండిపోతుంది, బలం కూడా ఇస్తుంది.

పొరలు చేత్తో కుట్టాలనుకుంటే కాగితం అస్తరు మేలు. ఆఖర్న చింపేస్తాం కాబట్టి సూదికి ఒక పొర తగ్గుతుంది. పాత నోటుపుస్తకం పలుచని కాగితం గానీ ఏ4 కాగితం గానీ సరిపోతుంది. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు, అంటే 8 అంగుళాల పైచిలుకు, కాబట్టి మన చదరం అందులో చక్కగా వస్తుంది. వార్తాపత్రిక వద్దు, సిరా లేత గుడ్డకు అంటుకుంటుంది.

గుడ్డ అస్తరు కోసేటప్పుడు చీర నిలువు, అడ్డం దారాల వెంటే కోయండి. ఇందులో ఒక కిటుకు ఉంది. పీలికలు ఏటవాలుగా వేస్తాం కాబట్టి చదరం అంచుల్లో పీలిక గుడ్డ క్రాస్‌లో, అంటే దాని దారాలు ఏటవాలుగా ఉండేలా పడుతుంది. క్రాస్ గుడ్డ సాగుతుందని జాకెట్లు కుట్టేవాళ్లందరికీ తెలుసు. కింద అస్తరు దారాలు నిటారుగా ఉంటే ఆ సాగుడును పట్టి ఆపుతాయి. అస్తరు కూడా క్రాస్‌లో కోస్తే దాన్ని వేసిన ప్రయోజనమే పోతుంది.

## 6. మిషన్ సరిచూసుకోవడం

కాలుమిషన్ అయినా మోటారు మిషన్ అయినా నిటారు కుట్టు బాగా పడితే చాలు. కొత్త 14 నంబరు సూది వేయండి. గుడ్డ అస్తరు మీద కుట్టు పొడవు 2½ మిల్లీమీటర్లు, కాగితం మీద 1½ మిల్లీమీటర్లు పెట్టండి. దగ్గర కుట్లు పడితేనే కాగితం తేలిగ్గా చిరుగుతుంది.

మార్జిన్ పావు అంగుళం. ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కిపెట్టే భాగం) కుడి అంచు సూదికి పావు అంగుళం దూరంలో ఉందో లేదో మీ మిషన్ మీద కొలవండి. లేకపోతే ప్లేటు మీద సరైన చోట ప్లాస్టర్ ముక్క అంటించి దాని వెంట గుడ్డ నడపండి.

సరిచూసే పద్ధతి: 2 అంగుళాల వెడల్పు పీలికలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మధ్య పీలిక సరిగ్గా 1½ అంగుళం ఉండాలి. తక్కువ వస్తే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నారు. చదరాలు జోడించేటప్పుడు ఈ తేడాలన్నీ కూడి అంగుళాల్లోకి వెళ్తాయి.

## 7. మొదటి చదరం కుట్టడం

నెమ్మదిగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ చేయండి. ఒక్క చదరం చేతికి వస్తే మిగతా 47 అలాగే.

7.1 గీత. అస్తరు ముక్కను మూల నుంచి మూలకు మడిచి మడత మీద తేలిగ్గా ఇస్త్రీ ఒత్తండి. లాగకండి. విప్పితే నడుమ గీత కనబడుతుంది.

7.2 నడిమి పట్టీ. పట్టీని కూడా నిలువునా సగానికి మడిచి గీత పడేలా ఒత్తి విప్పండి. సీదా వైపు పైకి ఉండేలా, గీత మీద గీత పడేలా అస్తరు మీద పరవండి. రెండు చివర్లూ మూలలు దాటి కొంచెం బయటకు రావాలి. రెండు గుండుసూదులు గుచ్చండి.

7.3 రెండో పీలిక. దీన్ని బోర్లా, అంటే సీదా వైపు కిందికి ఉండేలా నడిమి పట్టీ మీద పెట్టండి. కుడి అంచులు రెండూ కలవాలి. కుట్టే ముందు కుట్టు పడే చోట వేలు ఆనించి పీలికను ఒకసారి పక్కకు తిప్పి చూడండి. రెండు చివర్లూ అస్తరు అంచు దాటి కనీసం పావు అంగుళం పోతున్నాయా? పోతుంటే మళ్లీ బోర్లా వేసి పావు అంగుళంలో కుట్టండి. పొట్టిగా ఉంటే ఇప్పుడే మార్చండి. ఈ ఒక్క చూపు అలవాటైతే కుట్టు విప్పే పని మూడొంతులు తగ్గుతుంది.

7.4 తిప్పి ఒత్తడం. పీలికను బయటికి తిప్పి ముందు గోటితో గీసి, తర్వాత ఇస్త్రీపెట్టె ఒత్తండి. రుద్దకూడదు. పెట్టెను ఎత్తి ఎత్తి పెట్టాలి. కుట్టు దగ్గర గుడ్డ మడత మిగిలితే ఆ చదరమంతా లూజుగా ఉంటుంది, కాబట్టి కుట్టు పూర్తిగా విచ్చుకుందో లేదో వేలితో తడిమి చూడండి.

7.5 మూల దాకా. అదే పద్ధతిలో ఒక్కో పీలిక వేస్తూ మూల వరకు వెళ్లండి. పీలిక కొంచెం ఏటవాలుగా పడ్డా ఫర్వాలేదు. ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నంగా ఉన్న పీలికలు అక్కడక్కడా వస్తేనే బొంతకు ప్రాణం వస్తుంది. అయితే కింద పీలిక అదనంగా మిగిలితే పావు అంగుళం ఉంచి కత్తిరించండి.

7.6 మూల ముక్క. ఆఖరి ముక్క కనీసం 2 అంగుళాల వెడల్పు ఉండాలి. సన్నటి పీలికతో ముగిస్తే కుట్టు సరిగ్గా మూల మీద పడుతుంది. నాలుగు చదరాలు కలిసే చోట అక్కడ గడ్డ కడుతుంది, సూది విరుగుతుంది. దాచిన ముక్కోణాలు ఇక్కడ వాడండి.

7.7 రెండో పక్క. నడిమి పట్టీ ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి ఇంకో మూలకు అలాగే వెళ్లండి. చదరానికి మొత్తం 7 నుంచి 9 పీలికలు పడతాయి.

చేయి తిరిగాక ఒక్కో చదరం పూర్తి చేసే బదులు, ఆరు చదరాలకు ఒక్కో పీలిక చొప్పున వరసగా దారం తెంపకుండా మిషన్ కిందికి పంపండి. తర్వాత ఆరింటినీ విడదీసి ఒకేసారి ఇస్త్రీ చేయండి. మిషన్‌కీ ఇస్త్రీ బల్లకీ మధ్య తిరిగే తిరుగుడు తగ్గుతుంది, దారమూ మిగులుతుంది. రోజుకు నాలుగు చదరాలు పెట్టుకున్నా పన్నెండు రోజుల్లో పని ముగుస్తుంది.

## 8. కొలతకు కోయడం

చదరాన్ని బోర్లించండి. అస్తరు పైకి రావాలి. 7½ అంగుళాల అట్టను దానిమీద పెట్టి, అట్ట మీది గీతను అస్తరు మీది మడత గీతతో కలపండి. నాలుగు పక్కలా పెన్సిలుతో గీసి కోయండి.

ఇక్కడ తొందర పడితే ఇప్పటిదాకా చేసిన పనంతా వృథా. గీత కలవకుండా కోస్తే నడిమి పట్టీ మూలకు చేరదు, చదరాలు జోడించినప్పుడు గీతలు తెగిపోయి కనబడతాయి.

కోసిన వెంటనే అంచు చుట్టూ, అంచు నుంచి అర పావు అంగుళం లోపల పెద్ద కుట్టు వేయండి. పీలికల కొసలు విచ్చుకోవు, అంచు సాగదు. కాగితం అస్తరైతే కాగితం ఇప్పుడే చింపకండి. చదరాలన్నీ జోడించేదాకా అది ఉండాలి.

## 9. పేర్చడం, జోడించడం

48 చదరాలూ నేలమీద పరచండి. రెండు రకాలుగా పేర్చవచ్చు. నడిమి పట్టీలన్నీ ఒకే వైపు వాలితే బొంత అంతా ఏటవాలు గీతలు పరుగెడతాయి. నాలుగేసి చదరాల్ని ఒకదాని ఎదురుగా ఒకటి తిప్పి పెడితే వజ్రాల ఆకారం వస్తుంది. నాకు రెండోదే ఇష్టం. 6 x 8 వరసల్లో 12 పూర్తి వజ్రాలు వస్తాయి.

పేర్చాక ఫోన్‌లో ఫొటో తీసి చూడండి. ఒకే గుడ్డ ఒకచోట గుమిగూడిందా, ముదురు రంగులన్నీ ఒక మూలకు చేరాయా అన్నది నేలమీద కంటే ఫొటోలో స్పష్టంగా తెలుస్తుంది. సరిగ్గా అనిపించాక చదరాలకు వరస నంబర్లు రాసిన కాగితాలు గుచ్చండి.

జోడించే క్రమం:

1. రెండేసి చదరాలు కలపండి. నడిమి పట్టీల కొసల దగ్గర గుండుసూది గుచ్చి కుట్టండి.
2. జతలు రెండు కలిపి నాలుగు చదరాల ముక్క చేయండి. అది 14½ x 14½ అంగుళాలు ఉండాలి. ప్రతి ముక్కనూ కొలవండి.
3. అలాంటివి మూడు అడ్డంగా కలిపితే ఒక వరస. మొత్తం నాలుగు వరసలు.
4. వరసలు ఒకదాని కింద ఒకటి కలపండి.

కుట్టు మార్జిన్లను ఒక పక్కకు వాల్చకుండా రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి. ఇక్కడ చాలా పొరలు చేరతాయి, విప్పకపోతే గట్లు కడతాయి. కాగితం అస్తరును అన్నీ జోడించాక, కుట్టు దగ్గర వేలు అదిమి పెట్టి చింపండి.

## 10. పొరలు పరచడం

వెనక గుడ్డను ఉల్టా వైపు పైకి ఉండేలా నేలమీద పరిచి నాలుగు పక్కలా టేపు అంటించండి. ముడత ఉండకూడదు, అలాగని లాగి కట్టకూడదు. దానిమీద చీర పొరలు రెండూ, ఆపైన బొంత పైభాగం సీదా పైకి వేయండి. కింది పొరలు అన్ని పక్కలా అంగుళం చొప్పున ఎక్కువ ఉండాలి.

మన ఊళ్ల వాతావరణానికి రెండు చీర పొరలు చాలు. చలి ఎక్కువున్న చోట ఉండేవాళ్లు ఒక చీర పొర బదులు పాత ఫ్లానెల్ దుప్పటి గానీ, మీటరు లెక్కన దొరికే వాడింగ్ (బొంత లోపల వేసే మెత్తటి పొర) గానీ వేసుకోవచ్చు.

మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు చేత్తో సర్దుకుంటూ బెత్తెడు దూరానికొక పిన్నీసు పెట్టండి. పిన్నీసులు తక్కువగా ఉంటే పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యలోకి చేరతాయి.

## 11. పొరలు కలిపి కుట్టడం

చేత్తో. రెండు పోగుల దారానికి మైనం రుద్ది, రన్నింగ్ కుట్టు వేయండి. అంగుళానికి నాలుగైదు కుట్లు చాలు. వరసల మధ్య 3 అంగుళాలు మించకూడదు. ముడి పైకి కనబడకుండా, సూదిని పై పొరలోంచి దింపి దారం చిన్నగా లాగితే ముడి లోపలికి పోతుంది. మధ్య వేలికి తొడుగు పెట్టుకోండి, లేకపోతే రెండో రోజుకే వేలు నొప్పెడుతుంది.

మిషన్ మీద. 16 నంబరు సూది వేసి కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి. ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించండి. వాకింగ్ ఫుట్ ఉంటే బిగించుకోండి, పై గుడ్డ ముందుకు జరగకుండా ఆపుతుంది. బొంతను రెండు పక్కల నుంచీ చాపలా చుట్టి మధ్య భాగం మాత్రమే మిషన్ కింద ఉంచండి. మొదటి కుట్టు బొంత నట్టనడుమ పైనుంచి కిందికి, తర్వాత కుడివైపు సగం, ఆపైన తిప్పి రెండో సగం. గీతల మధ్య 3½ అంగుళాలు పెడితే ప్రతి చదరం అతుకు వెంట ఒకటి, చదరం నడుమ ఒకటి పడతాయి. ఎడమపక్క ఒక స్టూలు వేసి బరువు దానిమీద ఆన్చండి. బొంత కిందికి వేలాడితే కుట్లు వంకర పోతాయి.

## 12. అంచు పట్టీ

నాలుగు పక్కలా పొరలన్నీ పై గుడ్డకు సమంగా కోయండి. 2½ అంగుళాల పట్టీని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. పట్టీ కోసం చీర అరుగుదలగా అనిపిస్తే కొత్త పాప్లిన్ వాడండి, ఏ బొంతకైనా మొదట చిరిగేది అంచే.

ఒక పక్క మధ్య నుంచి మొదలుపెట్టి, పట్టీ తెరిచిన అంచులు బొంత అంచుతో కలిపి, సీదా వైపున పావు అంగుళంలో కుట్టండి. మొదట్లో ఆరు అంగుళాలు కుట్టకుండా వదలండి.

మూల దగ్గర: అంచుకు పావు అంగుళం ముందే ఆగి దారం తెంపండి. పట్టీని నిటారుగా పైకి మడవండి, ఏటవాలు మడత వస్తుంది. మళ్లీ కిందికి మడిచి రెండో పక్క అంచుతో కలపండి. పై మడత బొంత అంచుకు సమంగా ఉండాలి. అక్కడి నుంచి మళ్లీ కుట్టండి. వెనక్కి తిప్పినప్పుడు మూల దానంతట అదే చక్కగా కూర్చుంటుంది.

చివర రెండు కొసలూ కలిపి అతికి, పట్టీని వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి, చీర ఫాల్ కుట్టినట్టే.

## 13. తరచూ వచ్చే ఇబ్బందులు

చదరం 7½ కంటే చిన్నదైపోయింది. లాగి కుట్టకండి. చివరి పీలిక విప్పి కొంచెం వెడల్పుది వేయండి. చాలా చదరాలు అలాగే ఉంటే అన్నింటినీ 7 అంగుళాలకు కోసి ముందుకు వెళ్లండి.

చదరం గిన్నెలా లోతు పడింది. పీలికను లాగి పట్టుకుని కుట్టారు, లేదా పై దారం బిగుతుగా ఉంది. దారం వదులు చేసి, చదరాన్ని నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయండి. సర్దుకోకపోతే ఒక్క కుట్టు విప్పితే చాలు.

నడిమి పట్టీలు కలవలేదు. పావు అంగుళం వరకు తేడా ఉంటే కలిసే చోట రెండు అంగుళాల మేర విప్పి, అక్కడ మాత్రం జరిపి కుట్టండి. అంతకంటే ఎక్కువుంటే చదరం కోయడంలోనే తేడా, దాన్ని మార్చండి.

వెనక గుడ్డలో మడత కుట్టుకుపోయింది. ఆ ముడతకు ఇటూ అటూ ఒక జానెడు కుట్టు విప్పి, సర్ది, మళ్లీ వేయండి. మొత్తం గీత విప్పక్కర్లేదు.

కాగితం చిరగడం లేదు. కుట్టు పొడవు ఎక్కువైంది. తడి గుడ్డతో కాగితం వైపు అద్ది ఒక నిమిషం ఆగి లాగండి.

ఉతికాక ఎరుపు రంగు పక్కకు అంటింది. ఆరనివ్వకండి, ఇదే ముఖ్యం. వెంటనే నిండా చల్లటి నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండండి. ఆరిన మరక కంటే తడి మరక తేలిగ్గా వదులుతుంది.

## 14. ఉతకడం

మొదటి రెండుసార్లు విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో ఉతకండి. మిషన్‌లో అయితే సున్నితమైన గుడ్డల సెట్టింగ్ పెట్టండి. మెలిపెట్టి పిండకూడదు. తడి బొంత చాలా బరువు ఉంటుంది కాబట్టి ఒకే తీగ మీద వేలాడదీస్తే మధ్యలో కుట్లు తెగుతాయి. రెండు తీగల మీద పరిచి, ఉల్టా వైపు పైకి పెట్టి నీడలో ఆరబెట్టండి.

వానాకాలంలో పొద్దున్నే ఉతికి, సాయంత్రానికి లోపలి పొరలు కూడా ఆరాయో లేదో చేయి ఒత్తి చూడండి. కొంచెం చల్లగా తగిలినా మడత పెట్టకండి, ఫ్యాన్ కింద ఇంకో రాత్రి ఉంచండి.